మైక్‌సెట్టు చెవులతో నెల్లూరు స్పీకర్ల ప్రదర్శన

సింగరాయకొండలో ముప్పై ఒక్క ఏళ్లుగా మైక్‌సెట్టు నడుపుతున్నాను. తిరునాళ్లు, పెళ్లిళ్లు, పౌరాణిక నాటకాలు, ఎన్నికల సభలు అన్నీ చూశాను. వేపచెట్టు కొమ్మకు గొట్టం స్పీకరు కట్టి, రెండు పొలాల అవతల పొగాకు చేలో ఉన్న కూలీలకు పాటలో మాట స్పష్టంగా వినిపిస్తే ఆ రోజు పని బాగా జరిగినట్టు లెక్క. శబ్దాన్ని ఎంత దూరం పంపగలమన్నదే ఇన్నాళ్లూ నా చదువు. అందుకే, ఇళ్లలో వినే మేలురకం స్పీకర్లను నెల్లూరులో ఒక హోటల్లో రెండు రోజులు వినిపిస్తున్నారని మా అమ్మాయి ఫోను చేయగానే, శనివారం ఒప్పుకున్న నామకరణం పని మా బావమరిదికి అప్పగించి తెల్లవారుజామున బస్సెక్కాను. అమ్మాయి నెల్లూరులోనే డిగ్రీ చదువుతోంది. హాస్టలు నుంచి నేరుగా హోటలుకే వచ్చింది.

మినీ బైపాస్ రోడ్డు మీది హోటలు. మూడో అంతస్తులో ఆరు గదులు తీసుకుని, మంచాలు బయట పెట్టించి, ఒక్కో గదిలో ఒక్కో డీలరు సరంజామా అమర్చారు. ప్రవేశం ఉచితం. గుమ్మం దగ్గర పేరు, ఊరు రాసి లోపలికి వెళ్లడమే. మేం శనివారం పదిన్నర నుంచి సాయంత్రం ఆరు వరకు ఉన్నాం. ఆ రాత్రి బంధువుల ఇంట్లో పడుకుని, ఆదివారం ఉదయం మళ్లీ వెళ్లాం. ఆ రెండోసారి వెళ్లడం ఎంత మంచిదైందో తర్వాత చెబుతాను.

ముందు నా చెవుల సంగతి చెప్పాలి, లేకపోతే నా అభిప్రాయాలకు విలువ ఎంతో మీకు తెలియదు. రెండేళ్ల కిందట ఒంగోలులో వినికిడి పరీక్ష చేయించుకున్నాను. కాగితం మీద గీత 4,000 హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర గోతిలోకి దిగి మళ్లీ పైకి లేచింది. పెద్ద మోతల మధ్య పనిచేసే వాళ్లకు ముందు దెబ్బ తగిలేది అక్కడేనని డాక్టరుగారు చెప్పారు. స, శ, త లాంటి అక్షరాల పదును ఉండేది ఆ చుట్టుపక్కలే. అందుకని పై స్థాయి శబ్దాలకు మా అమ్మాయి చెవులను నమ్ముకున్నాను. మధ్యస్థాయిలో, అంటే మనిషి గొంతు నిలబడే చోట, నా చెవిని నేనే నమ్ముకుంటాను. ఒక గదిలో, పాట మొదలుకాకముందే, "నాన్నా, కుడివైపు పెట్టెలో సన్నగా బుస కొడుతోంది" అని తను అంది. ట్వీటరుకు, అంటే పై స్థాయి శబ్దాలు పలికే చిన్న యూనిట్‌కు, జానెడు దూరంలో చెవి పెట్టినా నాకు వినపడలేదు. డీలరు కుర్రాడు వంగి విని, తల ఊపి, తీగ మార్చాడు.

పెన్‌డ్రైవులో మూడే మూడు వేసుకుని వెళ్లాను. ఒకటి షేక్ చినమౌలానా గారి నాదస్వరం. ఆయన పుట్టింది ఒంగోలు పక్కన కరవదిలో, 1924లో. శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. రెండోది బాలు గారి గొంతు. మూడోది 2009లో టంగుటూరు వైపు ఒక ఊళ్లో జరిగిన నాటకంలో రాయబారం సీను, నా మిక్సరు నుంచి నేనే రికార్డు చేసుకున్నది. ఈ మూడింటినీ నేను ఎదురుగా కూర్చుని కానీ, వేల సార్లు వేసి కానీ ఎరుగుదును. తెలియని పాటతో స్పీకరును తూచడం, రాయి బరువు తెలియకుండా త్రాసు పట్టుకోవడమే.

మొదటి గదిలోకి అడుగుపెట్టగానే పాత చుట్టాన్ని చూసినట్టు అనిపించింది. అమెరికా వాళ్ల క్లిప్ష్ హెరెసీ. కింద అడుగు స్థాయి శబ్దాలు పలికే 12 అంగుళాల ఊఫర్, పైన రెండూ గొట్టాలే. పాల్ క్లిప్ష్ అనే ఇంజనీరు 1946లో గది మూలలో పెట్టే పెద్ద గొట్టం స్పీకరు తయారుచేశాడు. 1957లో మూల అవసరం లేని ఈ చిన్నది చేస్తే, జీవితమంతా మూలలను నమ్మిన మనిషికి ఇది మతద్రోహమేనని తోటివాడు అన్నాడట. ఆ మాటే దానికి పేరైంది. దాన్ని నడుపుతున్న ఆంప్లిఫయరులో నాలుగు ఇఎల్34 రకం పాతకాలపు గాజు వాల్వులు నారింజ రంగులో వెలుగుతున్నాయి. నాకు పని నేర్పిన మేనమామ దగ్గర అవే వాల్వుల ఆంప్లిఫయరు ఉండేది. చలికాలం నాటకాల రాత్రుళ్లు దాని మీద చేతులు కాచుకునేవాళ్లం.

గొట్టం గొప్పతనం ఏమిటంటే, చిన్న పొరకు గాలి మీద పట్టు దొరుకుతుంది. తెరిచిన చోట పొర ఒక్కటే ఊగితే గాలి చాలావరకు పక్కకు జారిపోతుంది. గొట్టం మెడ దగ్గర ఇరుకుగా పట్టి, క్రమంగా వెడల్పు చేసి వదిలితే ఆ కదలిక వృథా కాదు. అందుకే హెరెసీ ఒక్క వాట్‌కు, మీటరు దూరంలో, 99 డెసిబెల్ (శబ్దం జోరుకు కొలత) ఇస్తుంది. నాలుగో గదిలో విన్న చిన్న పెట్టె ఇచ్చేది 83 మాత్రమే. ఆ 16 డెసిబెల్ తేడాను పూడ్చాలంటే 40 రెట్ల పవర్ కావాలి.

చినమౌలానా గారి కల్యాణి రాగం వేయమన్నాను. నాదస్వరం కొసనున్న పీకలోకి ఊపిరి వెళ్లేటప్పటి ఆ గరగర, వెంటనే గుడి ముందు నిలబడినంత గట్టిగా స్వరం. డోలు మీద కుడిచేతి వేళ్ల తొడుగులు తగిలినప్పుడు మా అమ్మాయి ఉలిక్కిపడి నావైపు చూసి నవ్వింది. నాదస్వరం ఆరుబయట వాయించడానికి పుట్టిన వాద్యం. దానిది కూడా గొట్టమే కదా, చివర అణసు విచ్చుకుని ఉంటుంది. గొట్టంలోంచి వచ్చిన శబ్దాన్ని గొట్టమే మళ్లీ సరిగ్గా పలికించింది. ఈ ఒక్క విషయంలో ఆ రెండు రోజుల్లో మరే స్పీకరూ దీని దరిదాపుల్లోకి రాలేదు. గొంతు విషయంలో మాత్రం నా మనసు మరోచోట నిలిచింది. గొట్టంలోంచి వచ్చే మాటకు నోటి చుట్టూ దోసిలి పట్టినట్టు కొంచెం గుణం ఉంటుంది. ముప్పై ఏళ్లు దానితో బతికిన వాణ్ని కనుక నాకు అది వెంటనే పట్టుబడుతుంది. కొత్తవారికి తెలియకపోవచ్చు.

రెండో గదిలో కెఫ్ ఎల్‌ఎస్50. చిన్న పెట్టె, మధ్యలో రాగి రంగు కోను, దాని నడిబొడ్డున ట్వీటరు. రెండు యూనిట్లను ఒకే కేంద్రంలో పెట్టే ఈ పద్ధతిని కెఫ్ 1988లో తెచ్చింది. ఈ మోడల్ కంపెనీ పుట్టి 50 ఏళ్లు నిండిన సందర్భంగా 2012లో వచ్చింది. ఇందులో కిటుకు ఏమిటో మైదానంలో పనిచేసిన వారికి చెప్పనక్కరలేదు. రెండు గొట్టాలను ఒకే వైపు పక్కపక్కన కట్టి చూడండి. జనంలో కొన్ని చోట్ల మాట ఖంగుమంటుంది, నాలుగడుగులు జరిగితే చచ్చిపోతుంది. రెండు నోళ్ల నుంచి వచ్చే అలలు ఒకచోట కలిసి, మరోచోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇంటి స్పీకర్లలోనూ ఊఫర్ నుంచి ట్వీటరుకు బాధ్యత మారే చోట ఇదే తంటా, చిన్న కొలతలో. ఇక్కడ రెండూ ఒకే చోటి నుంచి పలుకుతాయి కాబట్టి నేను నిలబడినా, కూర్చున్నా, తలుపు దగ్గరికి నడిచినా గొంతు రంగు మారలేదు. మా అమ్మాయికి అన్నింటిలోకీ ఇదే నచ్చింది. తాళాలు మోగుతున్నప్పుడు కంచు అంచు కనిపిస్తోందని తన మాట. మృదంగం ఎడమ వైపు మోత మాత్రం ఇంత పెట్టె నుంచి ఎంత రావాలో అంతే వచ్చింది. గాలిని నెట్టే వైశాల్యం లేనిదే అడుగు స్థాయి రాదు.

మూడో గది గురించి రాయడానికి బాధగా ఉంది. పేరు చెప్పను. నా ఛాతీ ఎత్తు స్తంభాల్లాంటి స్పీకర్లు, ఒక్కో దానిలో నాలుగు యూనిట్లు, జత పదకొండు లక్షలు. గది పొడవు 17 అడుగులు. వెనక గోడకు ఆనించి బల్ల వేసి జనాన్ని కూర్చోబెట్టారు. పాట మొదలైంది. విదేశీ డ్రమ్ములు, గాజు పగిలినట్టు శబ్దాలు, మళ్లీ డ్రమ్ములు. కింది స్వరం ప్రతిదీ ఒకే 'ఢుమ్మ్' అయి గదంతా నిండిపోయింది. నా పెన్‌డ్రైవు ఇస్తే, "మా దగ్గర ఉన్నవే వేస్తాం సర్" అన్నారు. కొంచెం తగ్గించమంటే, తగ్గిస్తే దాని సత్తా తెలియదన్నారు. మా అమ్మాయి ఫోనులో కొలిచి చూస్తే 94 డెసిబెల్ చూపిస్తోంది. ఫోను కొలత కచ్చితం కాకపోవచ్చు కానీ నా పక్కటెముకలు కూడా అదే చెప్పాయి.

ఇక్కడ కోపం వచ్చింది, అది దాచుకోను. 85 డెసిబెల్ మోతలో ఎనిమిది గంటలకు మించి ఉండకూడదని పని స్థలాలకు పెట్టిన కొలత. ఆపైన ప్రతి మూడు డెసిబెల్‌కూ ఆ సమయం సగమైపోతుంది. 94 దగ్గరికి వచ్చేసరికి ఒక్క గంట. 100 అయితే పావుగంట. బల్ల మీద మా అమ్మాయి వయసు పిల్లలు ఆరుగురు ఉన్నారు. నా చెవిలో గొయ్యి ఎలా పడిందో నాకు తెలుసు, ఒక్క రోజులో పడలేదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు పెట్టకూడదన్న 2000 సంవత్సరపు నిబంధన వచ్చినప్పుడు మా వృత్తి వాళ్లం చాలామందిమి సణిగాం. ఇప్పుడు దాన్ని మంచిదే అంటాను. ఇంటి స్పీకరు అమ్మేవాళ్లు జనం చెవులు మొద్దుబార్చి సరుకు చూపించకూడదు. అమ్మాయిని లేపి బయటికి తీసుకొచ్చేశాను.

భోజనం చేసి వచ్చి, నాలుగో గదిలోకి వెళ్లాం. ఆ రోజంతా అక్కడే ఉండిపోయేవాణ్ని.

అడుగు ఎత్తు, ఏడున్నర అంగుళాల వెడల్పు. మా ఇంట్లో పంచదార డబ్బాలు పెట్టుకునే అరలో పట్టేంత పెట్టెలు. పేరు ఎల్‌ఎస్3/5ఎ. బీబీసీ ఇంజనీర్లు 1970లలో తయారుచేశారు. ఊరి బయటికి వెళ్లి కచేరీనో క్రీడలనో ప్రసారం చేసే వ్యానులో, ఇరుకు చోటున కూర్చున్న శబ్దం మనిషి తనకు వస్తున్నది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి. ఎల్‌ఎస్ అంటే లౌడ్‌స్పీకర్, 3 అంటే బయటి ప్రసారాల కోసం చేసినది. రోజర్స్, స్పెండార్, హార్బెత్, కెఫ్ లాంటి కంపెనీలు బీబీసీ అనుమతితో వీటిని తయారుచేసి అమ్మేవి. ఇది విన్నాక కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. నేనూ వ్యాను పక్కన మిక్సరు పెట్టుకుని, స్టేజీ కనపడని మూల నుంచి చెవితోనే పని చేసుకునే వాణ్ని. నాలాంటి వాడి కోసమే ఎవరో సముద్రాల అవతల యాభై ఏళ్ల కిందట ఆలోచించి చేసిన వస్తువు ఇది. పెట్టెను వేలితో తడితే మోగదు. పలచని ప్లైవుడ్, లోపల మోతను మింగే పట్టీలు. ట్వీటరు చుట్టూ నల్లని ఫెల్టు గుడ్డ చట్రంలా అంటించి ఉంది, అంచుల నుంచి శబ్దం తిరిగి కొట్టకుండా.

ఆ స్టాండ్ల కింద మెరుస్తున్న నల్లరాయి చూసి వంగాను. నలుపులో బంగారు చుక్కలు. మా చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు! డీలరు చెన్నై ఆయన, అరవై దాటిన మనిషి, ఒంగోలు నుంచి కోయించి తెచ్చుకున్నానన్నారు. మాది ఆ పక్కనే అని చెబితే, టీ తెప్పించి, "మీకు కావలసింది వేసుకోండి" అని రిమోటు నా చేతికే ఇచ్చారు.

బాలు గారిది వేశాను. నెల్లూరులో కూర్చుని ఆయన గొంతు వినడంలో ఒక బరువు ఉంది. ఆయన పెరిగిన వీధులు ఇక్కడే. తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. తమ ఇంటిని బాలు గారు 2020లో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. అదే ఏడు సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. ఆయన పాట లేకుండా నేను ఒక్క పెళ్లి కూడా చేయలేదు. ఎన్ని వేల సార్లు వేసి ఉంటానో. కానీ నా గొట్టాలు 300 హెర్ట్జ్‌కు కింద ఏమీ పలకవు, 6,000కు పైన ఏమీ పలకవు. నేను విన్నది పాట నడుము మాత్రమే.

ఇక్కడ ఆయన రెండు పెట్టెల మధ్య, గోడకు అడుగు ముందు నిలబడ్డారు. పెట్టెల్లోంచి వస్తున్నట్టే లేదు. చరణం ఎత్తుకునే ముందు ఊపిరి లోపలికి తీసుకోవడం వినిపించింది. నోటితో కాదు, ముక్కుతో. తర్వాత ఆ పొడవైన పాదం, చివరి అక్షరం దాకా గాలి అంత పొదుపుగా ఖర్చుచేస్తూ, ఆఖరున ఒక చిన్న నవ్వు పెదవుల మీదికి వచ్చి ఆగిపోవడం. ఈ నవ్వు ఆ పాటలో ఉందని నాకు ఇన్నేళ్లూ తెలియదు. శబ్దం ఎంత పెద్దగా ఉందంటే, పక్కన కూర్చున్న వారితో మామూలుగా మాట్లాడుకోగలిగినంత. అంతే. అంత తక్కువలోనే అన్నీ ఉన్నాయి.

తర్వాత నా నాటకం రికార్డు. ఇది చెప్పడానికే ఈ సమీక్ష రాయడం మొదలుపెట్టాను. ఆ రాత్రి కృష్ణ పాత్రధారి పద్యం ఎత్తుకుని రాగం తీస్తున్నాడు. స్టేజీ ముందు రెండు మైకులు వేలాడదీశాను. రాగం మధ్యలో హార్మోనియం మనిషి ఒక మెట్టు తప్పాడు. కృష్ణుడు రాగం ఆపకుండానే తల కుడివైపు తిప్పి ఆయనను చూశాడు, ఆయన సర్దుకున్నాడు, కృష్ణుడు మళ్లీ జనం వైపు తిరిగాడు. మొత్తం రెండు సెకన్లు. మిక్సరు దగ్గర నేను నా కళ్లతో చూశాను కాబట్టి గుర్తుంది. ఈ చిన్న పెట్టెల్లో ఆ రెండు సెకన్లూ వినిపించాయి. తల తిరిగిన క్షణంలో గొంతు పై పదును తగ్గి, కొంచెం మసకబారి, ఎడమ మైకు నుంచి కుడి మైకుకు జరిగి, మళ్లీ ముందుకు వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. అమ్మాయి, డీలరుగారు ఇద్దరూ ఏమైందని అడిగారు. విషయం చెప్పి వెనక్కి తిప్పి మళ్లీ వేశాను. డీలరుగారు కళ్లు మూసుకుని విని, "తిరిగాడండీ, తిరిగాడు" అన్నారు.

దీనికి పరిమితులు లేవని అనను. అయిదు లీటర్ల మూసిన పెట్టె. అడుగు స్థాయి లోటు తెలియకుండా 100 హెర్ట్జ్‌కు కాస్త పైన కొంచెం ఉబ్బెత్తు ఉండేలా చేశారు. డోలు దెబ్బ వినిపిస్తుంది, పొట్టకు తగలదు. పెద్ద హాలులో పెట్టే వస్తువు కాదు. జత మూడు లక్షలకు అటూ ఇటూ అని డీలరుగారు మొహమాటపడుతూ చెప్పారు. రిమోటు ఆయన చేతిలో పెట్టి దండం పెట్టాను.

అయిదో గదిలో రికార్డు ప్లేయర్లు. జనం కిక్కిరిసి ఉన్నారు. నల్ల ప్లేట్లు చూసి ముచ్చటపడ్డాను కానీ నిలబడడానికి కూడా చోటు లేక వచ్చేశాను. వరండాలో తీగల దుకాణం. మూడు మీటర్ల స్పీకరు తీగ జత నలభై వేలు. నేను ఒక్కో తిరునాళ్లకు 300 మీటర్ల తీగ లాగుతాను కాబట్టి ఇందులో నా మాట వినండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మూడు మీటర్లు, రానుపోను కలిపినా ఓమ్‌లో ఇరవయ్యో వంతు కూడా అడ్డుపడదు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే మంచి రాగి తీగ చాలు. ఆ డబ్బు స్పీకరులో పెట్టండి.

ఆరో గదిలో సామాన్యుడికి అందే సరుకు. మన కోల్‌కతాలో 1970లో పుట్టిన సోనోడైన్ వాళ్లవి లోపలే ఆంప్లిఫయరు ఉన్న స్టూడియో పెట్టెలు వినిపించారు. గొంతు దాపరికం లేకుండా, నిటారుగా ఉంది. రికార్డింగు పని చేసే వారు తప్పక వినాలి. నా దగ్గర ఆంప్లిఫయరు ఉంది కాబట్టి పక్కనున్న వార్ఫ్‌డేల్ డైమండ్ జత మీద మనసు పెట్టాను. గిల్బర్ట్ బ్రిగ్స్ అనే ఆయన 1932లో ఇంగ్లండులో తన ఇంటి నేలమాళిగలో మొదలుపెట్టిన కంపెనీ. చిన్న డైమండ్లు 1980ల ఆరంభం నుంచి ఇలా తక్కువ ధరలో వస్తూనే ఉన్నాయి. ముప్పై వేల చిల్లర. బాలు గారి ఊపిరి ఉంది. ఆ చిన్న నవ్వు ఉంది, కాకపోతే అది ఉందని తెలిసిన వాడికి. కృష్ణుడు తల తిప్పడం సగం తెలిసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడో గది మీద కోపంతో వచ్చేయడం న్యాయమా అనిపించింది. ఆదివారం తొమ్మిదిన్నరకే తలుపు దగ్గర ఉన్నాం. జనం లేరు. నిన్నటి కుర్రాళ్ల బదులు నడివయసు టెక్నీషియన్ ఒకాయన ఒక్కరే తీగలు సర్దుకుంటున్నారు. నా పని చెప్పి, కుర్చీ ఒకటి గోడ దగ్గర నుంచి అయిదడుగులు ముందుకు జరుపుకోవచ్చా అని అడిగాను. ఆయన స్తంభాలను కూడా గోడ నుంచి రెండడుగులు ఇవతలికి లాగారు, ఇద్దరం చెరో వైపు పట్టాం. 17 అడుగుల గదిలో 33 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్టింపు 66 దగ్గర రెండు గోడల మధ్య అల నిలబడిపోతుంది. గోడను ఆనుకుని కూర్చున్న వాడికి అదంతా నెత్తిన పడుతుంది. కల్యాణ మండపాల్లో వెనక వరుస వాళ్లు "రీసౌండు వస్తోంది" అని గొడవ చేసేదీ చాలాసార్లు ఇలాంటి కారణానికే.

నా పెన్‌డ్రైవు పెట్టి, మాట్లాడుకునేంత శబ్దంలో వేశారు. నిన్నటి స్పీకరేనా ఇది! డోలు ఎడమవైపు చర్మం లోతుగా, విడిగా, ప్రతి దెబ్బకూ తన సాగుడు తనకుండి వినిపించింది. నాటకం రికార్డు వేయగానే సన్నగా 'మ్మ్మ్' అని ఒక రొద. టెక్నీషియన్ గారు నన్ను చూశారు. 50 హెర్ట్జ్, కరెంటు రొద. ఆ రోజు జనరేటరుకు ఎర్తు సరిగా పడలేదన్నమాట. చిన్న పెట్టెలు అంత కిందికి దిగవు కనుక ఇన్నేళ్లూ ఈ లోపం నాకు చెప్పిన వాళ్లే లేరు. పదకొండు లక్షల వస్తువుపై నిన్న నేను ఏర్పరుచుకున్న అభిప్రాయం పూర్తిగా తప్పు. తప్పు గదిది, కుర్చీది, చేతి కింద ఉన్న వాల్యూమ్ మీటది. అంత పెద్ద వాటిని అంత చిన్న గదిలో పెట్టి, శనివారం వచ్చిన వాళ్లందరికీ వాటి చెడ్డపేరే చూపించారు. ఆ స్తంభాలను తయారుచేసిన వాళ్ల మీద జాలి కలిగింది.

వెళ్లాలనుకునే వారికి నా మాటలు కొన్ని. రెండో రోజు పొద్దున్నే వెళ్లండి. మీరు మనిషిని ఎదురుగా విన్న గొంతో, వాద్యమో వెంట తీసుకువెళ్లండి, వేయనంటే మరో గదికి వెళ్లండి. ముందు తగ్గించమని అడగండి. తగ్గించినా మాట చెక్కుచెదరకుండా ఉంటే ఆ తర్వాతే పెంచమనండి. వీలైతే ఇరవై ఏళ్ల లోపు వారిని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. కుర్చీని ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి జరిపి వినండి.

డైమండ్ జతకు అయిదు వేలు అడ్వాన్సు ఇచ్చాను. నలుపా, వాల్‌నట్టా అంటే అమ్మాయి వాల్‌నట్ అంది. డెలివరీ పది రోజులన్నారు. మా గది పన్నెండు అడుగులు పొడవు, పది వెడల్పు. గోడ నుంచి అడుగున్నర ఇవతలగా సుద్దముక్కతో రెండు చోట్ల గుర్తు పెట్టాను. చీమకుర్తిలో తెలిసిన కోత మిల్లులో మిగిలిపోయిన గెలాక్సీ ముక్కలు రెండు, అడుగు పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు, అంచులు నున్నగా తీయించి తెచ్చి ఆ గుర్తుల మీద పెట్టి ఉంచాను.